రెండు కాలేజీల్లో సీటొచ్చిందా? ఫీజు తేడాకు బదులుగా ఏం దక్కుతుందో తేల్చుకునే పద్ధతి

మా అన్నయ్య కూతురికి బయోటెక్నాలజీలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పేరున్న కాలేజీ. ఇంకోటి ఫీజు తక్కువది, చుట్టాల్లో ఎవరికి చెప్పినా "అదెక్కడుంది?" అని అడిగేది. వారం రోజులు ఆ ఇంట్లో ఇదే చర్చ. ఓ రాత్రి నేను వెళ్లేసరికి టేబుల్ మీద రెండు అడ్మిషన్ లెటర్లు, మధ్యలో క్యాలిక్యులేటర్. అన్నయ్య ఒక కాలేజీ మొదటి ఏడాది ఫీజును నాలుగుతో గుణించాడు. రెండోదీ గుణించాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు. వచ్చిన అంకె కింద రెండు గీతలు గీసి, "ఇంత తేడాకి అక్కడ అదనంగా ఏమిస్తార్రా?" అన్నాడు.

ప్రశ్న చక్కటిది. లెక్క మాత్రం తప్పు. ఆ గుణకారంలో సగం ఖర్చులు లేవు, ఉన్న సగం కూడా నాలుగేళ్లూ అలాగే ఉండవు. ఇక "అదనంగా ఏమిస్తారు" అన్నదానికి కాలేజీ బ్రోచర్‌లో జవాబు దొరకదు, మనమే వెళ్లి వెతుక్కోవాలి. ఈ రెండు పనులూ ఎలా చేయాలో కింద వరసగా రాశాను. ఏ కాలేజీ గొప్పది అన్న చర్చలోకి నేను దిగను. అది ఎప్పటికీ తెగదు. తేడా డబ్బు ఎంత, ఆ డబ్బుకు ఈ పిల్లకి దక్కేదేమిటి, ఇది తేలితే చాలు.

1. ముందు తేదీలు, గుర్తింపు

ఇది అరగంట పని, కానీ ముందే చేయాలి. సీటు ఖాయం చేసుకోవడానికి చివరి తేదీ, కట్టాల్సిన అడ్వాన్సు, సీటు వదులుకుంటే ఎంత తిరిగిస్తారు, ఏ తేదీ లోపు చెబితే ఇస్తారు. రెండు కాలేజీలకీ ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. తొందరలో తీసుకునే నిర్ణయాల్లో చాలా భాగం తేదీ దగ్గరపడ్డాక టెన్షన్‌లో తీసుకునేవే.

తర్వాత గుర్తింపు. "కాలేజీకి గుర్తింపు ఉంది" అని చెబితే ఊరుకోకండి, "ఈ కోర్సుకు ఉందా?" అని అడగండి. రెండూ వేర్వేరు. వైద్యం, నర్సింగ్, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్ లాంటి వాటిలో చదువు అయ్యాక పని చేయాలంటే లైసెన్సు కావాలి. గుర్తింపు లేని కోర్సు చేస్తే ఆ తలుపు దగ్గరే ఆగిపోతారు. ఇంజనీరింగ్‌లో 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందం ఉంది. సభ్య దేశాల గుర్తింపు సంస్థలు ఒకరు గుర్తించిన కోర్సులను ఇంకొకరు సమానంగా చూస్తామని రాసుకున్న ఒప్పందం అది. అందులోనూ లెక్కలోకి వచ్చేది కోర్సే. కొత్తగా పెట్టిన కోర్సయితే మరీ జాగ్రత్త, చాలా చోట్ల ఒక బ్యాచ్ అయినా బయటికి వచ్చాకే గుర్తింపు ఇస్తారు.

ఇక్కడ ఏదైనా తేడా కొడితే మిగతా లెక్కలన్నీ అనవసరం. ఆ కాలేజీని పక్కన పెట్టేయొచ్చు.

2. మొదటి ఏడాది ఫీజు ఇంటూ నాలుగు కాదు

ఏ దేశమైనా, ఏ కరెన్సీ అయినా ఈ లెక్క మారదు కాబట్టి, మొదటి ఏడాది ఫీజు 100 అనుకుందాం. ఏటా 8 శాతం పెరిగితే రెండో ఏడాది 108, మూడో ఏడాది 116.64, నాలుగో ఏడాది 125.97. మొత్తం దాదాపు 451. మా అన్నయ్య రాసుకున్నది 400. ఈ 51 ఎక్కడినుంచి తేవాలో నాలుగో ఏట ఆలోచిస్తే లాభం లేదు. గత నాలుగైదేళ్లలో ఫీజు ఎలా పెరిగిందో సీనియర్ల దగ్గర పాత రసీదులుంటే తెలిసిపోతుంది. ఆఫీసులో అడిగితే "పెద్దగా పెరగదండీ" అంటారు. రసీదు ఆ మాట అనదు.

స్కాలర్‌షిప్ ఉంటే ఇంకో మెలిక. 100 ఫీజులో 40 స్కాలర్‌షిప్ వచ్చిందనుకోండి, మనం కట్టేది 60. బాగుంది. కానీ ఆ 40 నాలుగేళ్లూ 40 గానే ఉండి, ఫీజు మాత్రం 8 శాతం చొప్పున పెరిగితే? మనం కట్టేది 60, 68, 76.64, 85.97. ఫీజు పెరిగింది 26 శాతమే, మన జేబు మీద భారం పెరిగింది 43 శాతం. కాబట్టి స్కాలర్‌షిప్ లెటర్‌లో మూడు విషయాలు వెతకండి: అది శాతమా, స్థిరమైన మొత్తమా? ఎన్నేళ్లు? ఎన్ని మార్కులు వస్తే కొనసాగుతుంది? మూడోదే పిల్లల్ని ముంచేది. మొదటి ఏడాది కొత్త చోటు, కొత్త పాఠాలు, మార్కులు కాస్త జారడం మామూలే. "పోయినేడు ఈ స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లలో రెండో ఏడాదికి ఎంతమందికి నిలిచింది?" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే, అది లేదనుకునే లెక్క వేసుకోండి.

ఇక మిగతా ఖర్చులు. హాస్టల్ లేదా అద్దె, ప్రయాణాలు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, ల్యాబ్ ఫీజు, పరీక్ష ఫీజు, బీమా, యూనిఫాం ఉంటే అది. తిండి ఖర్చు విషయంలో చాలామంది పొరబడతారు. ఇంట్లో ఉన్నా తింటారు కదా, హాస్టల్‌లో అదనంగా అయ్యేదే లెక్కలోకి రావాలి. తిరిగొచ్చే డిపాజిట్లు ఖర్చు కావు గానీ, నాలుగేళ్లు అక్కడ ఇరుక్కుపోతాయి, వేరే గడిలో రాయండి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఏ ఫీజుల పట్టికలోనూ ఉండదు. నాలుగేళ్ల కోర్సు ఐదేళ్లు పట్టడం. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది హాస్టల్, దానిపైన ఆ ఏడాది రావాల్సిన మొదటి జీతం. ఫీజు తక్కువ కాలేజీలో సగంమంది సమయానికి బయటపడలేకపోతుంటే అది చవక కాలేజీ కాదు. పిల్లల తెలివి ఒక్కటే కారణం కాదు. తప్పనిసరి సబ్జెక్టును ఏడాదికి ఒక్కసారే చెప్పడం, అందులో సీట్లు చాలకపోవడం వల్ల కూడా ఇది జరుగుతుంది. చేరినవాళ్లలో ఎంతమంది సరిగ్గా నాలుగేళ్లలో పూర్తి చేశారో రెండు చోట్లా అడగండి.

3. అప్పు తీసుకుంటే ఆ 400 ఎంతవుతుంది

ఏటా 100 చొప్పున నాలుగేళ్లు, ప్రతి ఏడాది మొదట్లో, 10 శాతం వడ్డీకి అప్పు తెచ్చారనుకోండి. చదువుతున్నంత కాలం ఏమీ కట్టలేదు. మామూలు వడ్డీయే వేసినా నాలుగేళ్ల చివరికి వడ్డీ 100 అవుతుంది: మొదటి 100కి నాలుగేళ్లది 40, రెండో దానికి 30, తర్వాత 20, 10. అంటే 400 కాస్తా 500 అయి కూర్చుంది. దాన్ని పదేళ్ల ఈఎంఐలో తీరిస్తే నెలకు సుమారు 6.6, మొత్తం కట్టేది 793. అదే ఏడేళ్లలో తీరిస్తే నెలకు 8.3, మొత్తం 697.

అంటే బ్రోచర్‌లో 400 అని చూసింది చివరికి దాదాపు 800. రెండు కాలేజీల మధ్య తేడా 150 అని కనబడితే, ఆ తేడా అంతా అప్పు మీదే వస్తుంటే, అది నిజానికి 300కి దగ్గర్లో ఉంటుంది. పదేళ్ల తర్వాతి డబ్బుకు విలువ తగ్గుతుంది, నిజమే. కానీ ఈఎంఐ కట్టేది ఆ పదేళ్ల పొడుగూతా, అందులోనూ మొదటి మూడేళ్లు జీతం చిన్నదిగా ఉన్నప్పుడే.

చదువుతుండగా వడ్డీ మాత్రమైనా నెలనెలా కట్టగలిగితే ఆ 500 అవ్వదు, 400 దగ్గరే ఆగుతుంది. ఇంట్లో వీలుంటే ఇంతకంటే సులువైన ఆదా ఇంకోటి లేదు.

విద్యారుణాల గురించి తరచూ వినబడే మోటు లెక్క ఒకటుంది: మొత్తం అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. మోటుదే అయినా పనికొస్తుంది. కాకపోతే ఆ జీతం ఎవరిదో చూసుకోవాలి. టాపర్‌ది కాదు, ఆ కోర్సులో మధ్యలో నిలిచే పిల్లవాడిది. ఆ అంకె ఎలా రాబట్టాలో ఐదో అంచెలో చెబుతాను.

అప్పు గురించి ఇంకొక్క మాట. నెలనెలా కట్టే డబ్బు కంటే, అది మొదటి ఉద్యోగాన్ని ఎలా నిర్ణయిస్తుందో నన్ను ఎక్కువ భయపెడుతుంది. నేర్చుకునే అవకాశం ఉన్నా జీతం తక్కువైన ఉద్యోగాన్ని, పరిశోధనను, పై చదువును ఈఎంఐ ఉన్నవాళ్లు సులువుగా ఎంచుకోలేరు. పేరున్న కాలేజీ తలుపులు తెరుస్తుందంటారు. అప్పు కొన్ని తలుపులు మూస్తుంది కూడా.

4. కోర్సు నాణ్యత: కాలేజీని కాదు, డిపార్ట్‌మెంట్‌ను చూడండి

కాలేజీ పేరు బయటి గేటు దగ్గరిది. పిల్లలు నాలుగేళ్లు గడిపేది ఒక డిపార్ట్‌మెంట్‌లో, ముప్పై నలభై గదుల్లో, పది పదిహేను మంది టీచర్ల మధ్య. గొప్ప కాలేజీలో నీరసమైన డిపార్ట్‌మెంట్లుంటాయి, పేరులేని కాలేజీలో నిప్పులాంటివీ ఉంటాయి.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం. నేను చదివింది ఫీజు తక్కువ కాలేజీలోనే. సిలబస్ పుస్తకంలో ఎలక్టివ్ సబ్జెక్టులు, అంటే మనం ఎంచుకుని చదివేవి, పన్నెండు. నేను మూడో ఏడాదికి వచ్చేసరికి నిజంగా నడుస్తున్నవి మూడు. నేను ఏ సబ్జెక్టు కోసమని చేరానో దాన్ని చెప్పే మాస్టారు మానేసి రెండేళ్లయింది, పుస్తకంలోంచి మాత్రం ఎవరూ తీయలేదు. అందుకే "ఏయే ఎలక్టివ్‌లు ఉన్నాయి?" అని అడగొద్దు. "గత రెండేళ్లలో ఏవి నడిచాయి? ఎవరు చెప్పారు?" అని అడగండి.

వీలుంటే రెండు చోట్లకీ ఒక మామూలు పనిదినాన వెళ్లండి. కాలేజీవాళ్లు పిలిచే ప్రత్యేక సందర్శన రోజున అన్నీ మెరుస్తుంటాయి. మా అన్నయ్య కూతురితో నేనే వెళ్లాను. పేరున్న కాలేజీలో ల్యాబ్ చూస్తే కళ్లు చెదిరాయి. గాజు తలుపులు, వరసగా కొత్త యంత్రాలు, వాటిలో డీఎన్ఏకి నకళ్లు తీసే పీసీఆర్ మెషిన్, ఒక్కోదాని మీద నీలిరంగు గుడ్డ. రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకరు అటుగా వస్తే మా పిల్ల ఆపి అడిగింది.

"అక్కా, ఈ పీసీఆర్ మెషిన్ మీద మీరు చేశారా?"

"చూశాం. సార్ చేసి చూపించారు."

"మీ చేత్తో?"

ఆ అమ్మాయి నవ్వింది. "ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్టు దొరికితే చేయొచ్చు."

రెండో కాలేజీలో ల్యాబ్ ఇరుకు. నాలుగు పాత యంత్రాలు, ఒకదాని మీద "పనిచేయదు" అని కాగితం. కానీ తలుపు పక్కన దారంతో కట్టిన ఒక రిజిస్టరు ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ యంత్రం వాడారో రాసే పుస్తకం. మా పిల్ల పేజీలు తిప్పింది. ఎక్కువ పేర్లు రెండో, మూడో ఏడాది పిల్లలవే. ఒకచోట టైము రాత్రి 8:40. అది చూశాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు గానీ, అడగాల్సినవి చాలానే ఉన్నాయి, అడిగాం. అప్పుడు తెలిసింది, అక్కడ కంప్యూటర్‌తో జన్యు విశ్లేషణ చెప్పేవాళ్లు ఎవరూ లేరని. పేరున్న కాలేజీలో ఆ సబ్జెక్టుకి ఇద్దరు మంచి టీచర్లున్నారు, పైగా ఆరో సెమిస్టర్ మొత్తం బయటి పరిశోధనశాలలో గడపాలన్న నియమం ఉంది. అది చిన్న విషయం కాదు. ఆ రెండూ నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చాం.

వెళ్లినా, ఫోన్‌లో మాట్లాడినా, నేను తప్పకుండా చూడమనేవి ఇవి:

గత మూడేళ్ల పరీక్ష పేపర్లు. ఇంత విషయం చెప్పే కాగితం ఇంకోటి లేదు. ఏటా అవే ప్రశ్నలు తిరగేసి ఇస్తుంటే అక్కడ చదువు అంటే బట్టీయే. ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలుంటే అక్కడెవరో శ్రద్ధగా పాఠం చెబుతున్నారని అర్థం.

లైబ్రరీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టులు. ఒక ఐదు తీసి చూడండి. ఒకే ప్రాజెక్టు పేరు మారి మూడేళ్లు కనబడితే విషయం తెలిసిపోతుంది.

మొదటి ఏడాది పాఠాలు ఎవరు చెబుతారు. పెద్ద పేరున్న ప్రొఫెసర్లు పరిశోధనలో ఉండి, మొదటి రెండేళ్లూ తాత్కాలిక సిబ్బందే నడిపించే చోట్లు ఉన్నాయి. ఫీజు మాత్రం ప్రొఫెసర్ పేరు మీదే కడతాం. ఒక క్లాసులో ఎంతమంది కూర్చుంటారో కూడా అప్పుడే అడగండి. సగటు చెప్పొద్దని, మీ కోర్సు మొదటి ఏడాది క్లాసు సంగతి చెప్పమని అడగండి.

మాట్లాడే సీనియర్లను కాలేజీవాళ్లు చూపించినవాళ్లలోంచి కాకుండా మీరే వెతుక్కోండి. కనీసం ముగ్గురు, అందులో ఒకరు మధ్యస్థంగా చదివేవాళ్లు ఉండాలి. "కాలేజీ బాగుందా?" అంటే అందరూ బాగుందనే అంటారు. "ఈ నెలలో ఎన్ని క్లాసులు రద్దయ్యాయి? డౌటు వస్తే ఎవరిదగ్గరికి వెళ్తావు? మళ్లీ చేరమంటే ఇక్కడే చేరతావా?" అని అడిగి చూడండి. మూడో ప్రశ్నకు ముందొచ్చే మౌనం కూడా జవాబే.

5. ప్లేస్‌మెంట్ అంకెలను విప్పి చూడండి

సగటు జీతం అన్న మాట కనబడగానే ఆగండి. పదిమంది పిల్లలున్నారు. తొమ్మిదిమందికి 4 చొప్పున జీతం, ఒకరికి 64. సగటు 10. ఆ 10 వచ్చిన పిల్లవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. అందర్నీ జీతం వరసలో నిలబెట్టి మధ్యలోవాళ్లకు ఎంతొచ్చిందో చూడాలి, అది 4. దాన్ని మధ్యగత జీతం అంటారు. మూడో అంచెలో అప్పును పోల్చాల్సింది దీనితోనే. గరిష్ఠ జీతం గురించి అసలు మాట్లాడుకోనక్కర్లేదు, అది ఒక్కరి కథ.

తర్వాత శాతం. 200 మంది చదివారు. 80 మంది మాత్రమే ప్లేస్‌మెంట్‌కు పేరు ఇచ్చారు, లేదా ఇవ్వనిచ్చారు. 60 మందికి ఉద్యోగం వచ్చింది. పోస్టరు మీద 75 శాతం. నిజానికి 30. మిగతావాళ్లలో పై చదువుకు వెళ్లినవాళ్లు ఉండొచ్చు, అది తప్పేం కాదు, కానీ ఎంతమందో చెప్పాలి. ఒకరికే మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేసే చోట్లు కూడా ఉన్నాయి. అందుకే మూడు అంకెలు అడగండి: మీ కోర్సులో మొత్తం ఎంతమంది, ఉద్యోగంలో నిజంగా చేరినవాళ్లు ఎంతమంది, వాళ్లలో చదివిన చదువుకు సంబంధించిన పని చేస్తున్నవాళ్లు ఎంతమంది.

6. పేరు, ర్యాంకు: వాటికి ఎంత విలువ ఇవ్వాలి

2022లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో ఒక విచిత్రం జరిగింది. అక్కడి గణితం ప్రొఫెసర్ మైకేల్ థాడియస్, తన సొంత యూనివర్సిటీ ర్యాంకింగ్ కోసం ఇచ్చిన అంకెల్ని తీరిగ్గా పరిశీలించి, క్లాసుల సైజు, అధ్యాపకుల అర్హతల లెక్కలు పొసగడం లేదని బయటపెట్టాడు. అప్పటికి ఆ యూనివర్సిటీ, యూఎస్ న్యూస్ అనే సంస్థ ఏటా ఇచ్చే కాలేజీ ర్యాంకుల జాబితాలో 2వ స్థానంలో ఉంది. కొన్ని అంకెలు సరిగా లేవని యూనివర్సిటీ ఒప్పుకుంది. అదే ఏడాది వచ్చిన తర్వాతి జాబితాలో 18వ స్థానం. ఈలోపు క్లాసురూముల్లో ఏమీ మారలేదు. అవే పాఠాలు, అదే లైబ్రరీ. ర్యాంకు ఎంత గట్టి నేల మీద నిలబడిందో అర్థం చేసుకోవడానికి ఇది చాలు. ఐదో స్థానానికీ పన్నెండో స్థానానికీ తేడా కోసం అప్పు చేయొద్దు. ఐదుకీ రెండు వందలకీ ఉన్న తేడా అయితే, అది ఎందుకొచ్చిందో వెతకండి.

పేరున్న కాలేజీలో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారు కదా అంటారు. సంపాదిస్తారు. కానీ అది కాలేజీ వల్లా, ఆ పిల్లల వల్లా? ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని తెలివిగా పట్టుకున్నారు. 1976లో అమెరికాలో కాలేజీలో చేరిన విద్యార్థుల్ని తీసుకుని, ఒకేలాంటి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకేలా సీట్లు వచ్చినవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్లలో సీటు దొరకడం మరింత కష్టమైన కాలేజీకి వెళ్లినవాళ్లకూ, సీటొచ్చినా మామూలు కాలేజీకి వెళ్లినవాళ్లకూ సంపాదనలో సగటున పెద్ద తేడా కనబడలేదు. ఒక్క మినహాయింపు ఉంది: తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు పెద్ద కాలేజీ లాభం చేసింది. ఇంట్లో, చుట్టాల్లో దారి చూపేవాళ్లు లేని పిల్లకు, ఆ దారి చూపేవాళ్లు కాలేజీలోనే దొరుకుతారు కాబట్టి కావచ్చు అని నాకనిపిస్తుంది.

ఇది ఆలోచించాల్సిన చిక్కు. తేడా డబ్బు కట్టడం ఎవరికి కష్టమో, పేరు వల్ల ఎక్కువ లాభపడేదీ వాళ్లే. అలాంటి ఇళ్లలో "చవకది చూసుకోండి" అని సలహా పారేసి చేతులు దులుపుకోకూడదు. ముందు సాయం కోసం గట్టిగా ప్రయత్నించాలి.

7. తేడా డబ్బు ఎప్పుడు పెట్టొచ్చు, ఎప్పుడు వద్దు

నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఇదే చివరి డిగ్రీ అయి, ఆ రంగంలో ఉద్యోగాలిచ్చే సంస్థలు కొన్ని కాలేజీలకే వస్తుంటే తేడా డబ్బుకు అర్థం ఉంది. ఖరీదైన పరికరాల మీద చేత్తో చేస్తేనే వచ్చే విద్య అయి, ఆ పరికరాల్ని నిజంగా పిల్లల చేతికిస్తుంటే కూడా. ఖరీదైన కాలేజీలో నాలుగేళ్లలో బయటపడటం ఖాయం, చవకదాంట్లో అనుమానం అయితే, అప్పుడూ.

తర్వాత పై చదువు ఎలాగూ చదువుతారనుకుంటే మాత్రం నేను డబ్బు దాచమంటాను. అందరూ అడిగేది చివరి డిగ్రీ గురించే. కోర్సు ఏదో ఇంకా తేలని పిల్లల విషయంలోనూ అంతే. మధ్యలో మనసు మారితే, ఏ డిపార్ట్‌మెంట్ కోసం ఎక్కువ కట్టామో అది వదిలి ఇంకోదానికి పోతారు. ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే, లేదా తర్వాతి పిల్లల చదువు డబ్బు దీనికి తీయాల్సి వస్తే, నాణ్యత ఎంతున్నా నేను వద్దనే అంటాను.

పిల్లల స్వభావం కూడా ఉంది. చుట్టూ అందరూ దూసుకుపోతుంటే పుంజుకునే పిల్లలుంటారు, ముడుచుకుపోయేవాళ్లూ ఉంటారు. రెండో రకం పిల్లలు చిన్న కాలేజీలో మొదటి పదిమందిలో ఉంటే టీచర్ల కంట్లో పడతారు, ప్రాజెక్టులు దొరుకుతాయి, సిఫారసు లేఖ రాసేవాళ్లకు వాళ్ల ముఖం గుర్తుంటుంది.

8. ఖరీదైన కాలేజీని తగ్గించమని అడగండి

చాలామంది అడగరు, మొహమాటం. కానీ స్కాలర్‌షిప్ పెంచే అధికారం ఉన్న కాలేజీలు ఎన్నో ఉన్నాయి. అక్కడ మంచి మార్కులున్న పిల్లను వదులుకోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు. బేరంలా కాకుండా, లెక్క చూపించి అడగాలి. మేము రాసింది సుమారుగా ఇలా ఉంది:

"మీ కోర్సులో సీటు వచ్చినందుకు సంతోషం. ఆరో సెమిస్టర్ పరిశోధన కోసం మీ దగ్గరే చేరాలని ఉంది. మరో కాలేజీ నుంచి వచ్చిన స్కాలర్‌షిప్ లేఖ జతచేస్తున్నాను. నాలుగేళ్లకు మా కుటుంబం కట్టగలిగేది ఇంత, మీ దగ్గర అయ్యే ఖర్చు ఇంత. ఈ తేడాలో ఎంతవరకు సాయం చేయగలరో, అది నాలుగేళ్లూ కొనసాగుతుందో లేదో ఫలానా తేదీ లోపు తెలియజేయగలరు."

ఐదు వాక్యాలు, ఒక జత కాగితం, ఒక తేదీ. కన్నీళ్లు అక్కర్లేదు. ఇంట్లో ఆదాయం ఈమధ్యే తగ్గినా, ఎవరికైనా పెద్ద జబ్బు చేసినా ఆ పత్రాలు కూడా జతచేయండి. మాకు వారంలో జవాబు వచ్చింది: ఫీజులో 15 శాతం తగ్గింపు, మొదటి ఏడాదికి మాత్రమే. అన్నయ్య మొహం వెలిగింది. రెండో అంచెలో వేసిన లెక్కలో ఆ అంకె పెట్టి చూస్తే, 451 కాస్తా 436 అయింది. మొహం మళ్లీ మామూలైంది.

9. నిర్ణయం

ఒక్కో అంశానికి పదికి ఇన్ని మార్కులు వేసి కూడే పద్ధతి ఒకటుంది. నేను నమ్మను. మనసులో ఏ కాలేజీ ఉందో దానికే మొత్తం ఎక్కువ వచ్చేలా మార్కులు వేస్తాం, తర్వాత "లెక్కే చెప్పింది" అంటాం. దానికి బదులు పిల్లల్ని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేయండి, మీరూ వాళ్లూ విడివిడిగా జవాబులు రాయండి.

రెండు చోట్లా ఖర్చు సమానమైతే ఎక్కడ చేరతావు? ఎందుకు? ఆ "ఎందుకు"లో వచ్చిన కారణాలే తేడా డబ్బుతో కొంటున్న సరుకు. అందులో "అందరూ మెచ్చుకుంటారు" అన్నది ఉంటే సిగ్గుపడక్కర్లేదు, కానీ దానికెంత కట్టగలమో వేరుగా ఆలోచించాలి.

తేడా ఎంతకు తగ్గితే ఖరీదైనదాంట్లో చేరతావు? ఒక అంకె చెప్పించండి. ఇప్పుడున్న తేడా ఆ అంకెకు దగ్గర్లో ఉంటే ఇంకా ఆలోచించొచ్చు, మూడింతలుంటే విషయం తేలిపోయినట్టే.

ఆ కారణాల్లో వేటిని చవక కాలేజీలో ఉండి, తేడా డబ్బులో కొంత పెట్టి బయట సంపాదించుకోవచ్చు?

మా అన్నయ్య కూతురి దగ్గర మూడో ప్రశ్న పనిచేసింది. తను రాసిన కారణాలు మూడు: జన్యు విశ్లేషణ సబ్జెక్టు, బయటి పరిశోధనశాలలో ఆరు నెలలు, కాలేజీ పేరు. "బాబాయ్, మొదటిది ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు, కష్టపడితే. రెండోది వేసవి సెలవుల్లో రెండేళ్లు వెళ్తే నాలుగు నెలలవుతుంది. అక్కడికి వెళ్లి ఉండటానికి డబ్బు కావాలి, తేడాలో పావు వంతు సరిపోతుంది."

"మూడోది?" అన్నాడు అన్నయ్య.

"అది రాదు నాన్నా." కాసేపాగి, "దానికి మిగతా ముప్పావు పెట్టాలా?" అంది.

అన్నయ్య ఏమీ అనలేదు. రెండో రోజు పొద్దున ఫీజు తక్కువ కాలేజీకి డబ్బు కట్టాడు.

10. కట్టాక చేయాల్సినవి

వదులుకునే సీటును ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. మెయిల్ పెట్టి, అందినట్టు జవాబు తెప్పించుకోండి. అడ్వాన్సు తిరిగిరావడానికి ఆ తేదీయే ఆధారం. రసీదులన్నీ ఫొటోలు తీసి ఒకచోట పెట్టండి.

అప్పు మంజూరైనంతా తీసేసుకోకండి, ఏడాదికి కావలసినంతే విడుదల చేయమనండి. తీసుకోని డబ్బుకు వడ్డీ ఉండదు. వేసవి పరిశోధన కోసం అనుకున్న పావు వంతును వేరే ఖాతాలో వేయండి, లేకపోతే అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. రెండో సెమిస్టర్ మొదలయ్యే లోపే ఆ ప్రయోగశాలలకు రాయడం మొదలుపెట్టాలి. వేసవి దగ్గరపడ్డాక రాస్తే చోటుండదు.

ఖర్చుల లెక్క వేసిన కాగితాన్ని పారేయకండి. ఏటా ఫీజు నోటీసు రాగానే తీసి, అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా పక్కన రాయండి. మా అన్నయ్య దాన్ని పిల్ల సర్టిఫికెట్ల ఫైల్లో దాచాడు. రెండో ఏడాది నోటీసు వచ్చిన రోజు నాకు ఫోన్ చేశాడు. "ఎనిమిది అనుకున్నాం కదరా, ఆరే పెంచారు."